మాజీ పార్టీ

ఆదివారం ఆరాధన అయ్యాక భట్టిప్రోలు చర్చి వరండాలో జనం ఇరవయ్యేళ్లుగా యాకోబు చుట్టూ చేరేవారు. ఆయన రేపల్లె కోర్టు ఎదుట టైపు కొట్టే మనిషి. ఎవరికి కోర్టు కాగితం వచ్చినా అర్థం ఆయనే చెప్పాలి. ఓ.ఎస్. అంటే అసలు దావా, ఐ.ఏ. అంటే దావా నడుస్తుండగా పెట్టుకునే దరఖాస్తు. కొన్ని అర్థాలు వకీళ్లను అడిగి తెలుసుకున్నాడు, కొన్ని ఊహించుకున్నాడు. ఏవి ఏవో ఆయనకే గుర్తు లేదు.

ఇంతలో బ్లెస్సీ దాపురించింది. బాపట్లలో పెరిగి, లా చదివి, తెనాలిలో ప్రాక్టీసు పెట్టిన పిల్ల. అమ్మమ్మ ఊరని ఆదివారాలు వచ్చి, వరండా రెండో కొసన కూర్చుని ఊరికే సలహాలు చెబుతుంది. మూడు వారాల్లో జనమంతా అటు జరిగిపోయారు. యాకోబు కుళ్లుకున్నాడు. "నిన్నగాక మొన్న నల్లకోటు తొడిగింది" అని కనబడ్డవాళ్లందరితో అన్నాడు. ఒక్కరూ అవుననలేదు.

ఆ ఆదివారం ప్రమీల కూడా కోర్టు కాగితం పట్టుకుని అటే నడిచింది. ఆమె ఇంటికి వెళ్లే దారి తనదంటూ మరిది దావా వేశాడు. జ్వరంతో ఆమె ఒక వాయిదాకి వెళ్లలేదు. కోర్టు ఆమెను ఎక్స్‌పార్టీ చేసిందని తెలిసినప్పుడు, అర్థం చెప్పింది యాకోబే. ఎక్స్ ఎమ్మెల్యే అంటే మాజీ ఎమ్మెల్యే కదా!

"నువ్వు మాజీ పార్టీవమ్మా. కేసులోంచి తీసేశారు. ఇక వాయిదాలకి వెళ్లక్కర్లేదు" అన్నాడు. ఆ సంతోషంలో ఆమె గిన్నెడు చేపల పులుసు పంపింది.

బ్లెస్సీ కాగితం చదివి తల అడ్డంగా ఊపింది. "అది కాదు పిన్నీ. నువ్వు రాలేదని, నీ మాట వినకుండానే కేసు నడిపిస్తున్నారు. ఇలాగే తీర్పొస్తే దారి పోద్ది. ఎందుకు రాలేదో చెప్పి, ఆ ఆర్డరు తీసెయ్యమని అడగాలి. అసలు వెళ్లక్కర్లేదని నీకెవరు చెప్పారు?"

ప్రమీల యాకోబు వైపు చూసి తల దించుకుంది.

కాసేపటికి బ్లెస్సీ రాత కాగితంతో ఆయన దగ్గరికే వచ్చింది. "బాబాయ్‌గారూ, రేపు పొద్దున్నే వెయ్యాలండి. టైపు చేసిపెడతారా?"

'మొదట జ్వరం వల్ల, తర్వాత తెలిసినవారొకరు తప్పుగా చెప్పగా నేను కోర్టుకు హాజరు కాలేదు' అని రాసి ఉంది. పేరు కావాలనే రాయలేదని ఆయనకు తెలుసు. చదువుంటే ఉంది, ఈ పెద్దమనసు కూడా ఈ పిల్లకే ఉండాలా అని మళ్లీ కుళ్లుకున్నాడు.

మర్నాడు రేపల్లెలో టైపు చేస్తూ ఆ వాక్యం దగ్గర ఆగాడు. 'తెలిసినవారొకరు' అన్నది చెరిపేసి, 'టైపిస్టు యాకోబు, తనకే అర్థం తెలియక' అని కొట్టాడు.