అద్దంలో గీసిన నక్షత్రం

మొన్న మా ట్రైనింగ్ కాలేజీ వార్షికోత్సవ సంచిక పోస్టులో వచ్చింది. అందులో నా పాత విద్యార్థి ఒకాయన నా గురించి రెండు పేజీలు రాశాడు. మనస్తత్వ శాస్త్రం చెప్పే మా సారు ముందు అబద్ధం నిలిచేది కాదనీ, ఉత్త అంకెలు చూసి ఒక అమ్మాయి దొంగ రికార్డును క్లాసందరి ముందూ పట్టేశారనీ మెచ్చుకున్నాడు. అది చదివి మా ఆవిడ మురిసిపోయింది గానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆయన రాసింది తప్పు. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనే కనుక సరిదిద్దవలసిందీ నేనే.

ఎనభైల మొదట్లో మాట. సంతోష్‌నగర్‌లో రెండంతస్తుల అద్దె ఇంట్లో నడిచే ఆ కాలేజీలో చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. నా దగ్గర చదివేవాళ్లు బడిపంతుళ్లు కావడానికి వచ్చినవాళ్లే తప్ప మనస్తత్వ శాస్త్రం మీద ప్రేమతో వచ్చినవాళ్లు కారు. లెక్కలు, తెలుగు బోధించే పద్ధతుల నడుమ అదొక పేపరు, దాటవలసిన ఒక గడప, అంతే. పైగా నేను మనుషుల లోపలిది చదివేస్తానని వాళ్లకొక అనుమానం. గోళ్లు కొరికేవాళ్ల గుట్టు గోళ్లలోనే తెలుస్తుందని ఎవరు చెప్పారో, ఒకామె ఏడాది పొడుగునా చేతులు పుస్తకం కింద దాచుకునే కూర్చుంది. అది నిజం కాదని నేను ఒక్కనాడూ చెప్పలేదు. ఆ భయం నాకు బాగుండేది.

వాళ్ల మీద నా అనుమానం అంతకు రెండింతలు. ఏటా ప్రతివాళ్లూ ఎవరో ఒకరి చేత కొన్ని ప్రయోగాలు చేయించి రికార్డు రాయాలి. వాటిలో అద్దంలో చూసి గీయడం ఒకటి. చెక్క మీద జంట గీతల నక్షత్రం ఉంటుంది, చేతికి రేకు అడ్డం ఉంటుంది, ఎదురుగా ఉన్న అద్దంలో మాత్రమే చూస్తూ ఆ గీతల మధ్య పెన్సిలు నడపాలి. అద్దంలో అన్నీ తిరగబడి కనిపిస్తాయి కాబట్టి మొదటిసారి ఎవరికైనా చేయి వంకర్లు పోతుంది, గీత తాకినప్పుడల్లా ఒక తప్పు. పది సార్లు గీసేసరికి తప్పులు తగ్గుతూ వస్తాయి, మనిషి నేర్చుకుంటున్నాడన్న మాట. ఎవరి రికార్డు తెరిచినా తప్పులు అందంగా, మెట్లు దిగినట్టు తగ్గుతూ ఉండేవి. అవన్నీ పై ఏడాది వాళ్లవి చూసి ఎక్కించినవని తెలిసీ సంతకం పెట్టేవాణ్ని. పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి కదా, ఏమని పట్టుకోను.

ఒక అమ్మాయి రికార్డులో మాత్రం మొదటిసారే సున్నా తప్పులు. రెండోసారి సున్నా. పదోసారీ సున్నా. గీసిన మనిషి వృత్తి రాయవలసిన చోట 'చేతిపని' అని ఉంది. ఏ పనో రాయకుండా దాస్తోందంటే ఆ మనిషే లేడన్నమాట అనుకున్నాను. మలక్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో చెబుతూ, సెలవు పెట్టి ట్రైనింగుకు వచ్చిన పిల్ల ఆమె. క్లాసులో నిలబెట్టి అడిగాను.

"ఏమ్మా, పది సున్నాలు పెడితే పనైపోతుందనుకున్నావా?"

"ఉత్తగ పెట్టలే సార్. మా బాపుతోని చేపిచ్చిన."

"మొదటిసారే మీ బాపుకు ఒక్క తప్పూ పోలేదా?"

ఆమె చుట్టూ ఒకసారి చూసింది. ఏదో చెప్పబోయి మింగింది. "మా బాపు చెయ్యి గంతే సార్."

కంచన్‌బాగ్ నుంచి వచ్చే ఒకామె వెనక నుంచి, "మీ బాపును రేపు తోల్కరా రాదె, మా రికార్డులు గూడ గీపిచ్చుకుంటం" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టి ప్రాక్టికల్‌లో ఫెయిల్ చేశాను.

ఫలితాలొచ్చిన కొద్ది రోజులకు రికార్డుల మీద వేయడానికి కాలేజీ పేరుతో 'పరిశీలించడమైనది' అన్న రబ్బరు స్టాంపు కావాలన్నారు. ఛత్తా బజారులో ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. అక్కడున్న పెద్దాయన ఉన్నపళంగా రబ్బరు ముక్క మీద అక్షరాలన్నీ తిరగేసి, మనం మామూలుగా రాసినంత సులువుగా రాసుకుపోతుంటే నిలబడి చూస్తున్నాను. కాలేజీ పేరు దగ్గర ఆయన చేయి ఆగింది.

"మీరు గీ కాలేజీలనే పంజేస్తరా సార్?"

"ఆఫీసులో" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పటికే నాకు తెలుసు.

"మా బిడ్డ గూడ గాడనే చదివింది. అద్దం వెట్టి నాతోని సుక్క గీపిచ్చింది సార్, పది పార్లు. ఏందే బిడ్డా, గిది నా రోజు పనేనాయె అన్న. ఆడ ఎవరో సారు దొంగలెక్క అన్నడట. బడోళ్లు దసరా దాక టైమిచ్చిండ్రు, సర్టిఫికెట్ దెస్తెనే నౌకరి అంటున్నరు." చెబుతూనే రబ్బరు ముక్క పక్కన పెట్టాడు. "రాస్త గని, సన్నగ చెక్కుటానికి నాకు చూపు ఆనుతలేదు. బిడ్డ చెక్కుతది. రేపు రాండ్రి."

కాలేజీకి తిరిగొచ్చి సామాను రిజిస్టరు తీశాను. ఆ ఏడాది అద్దం చెక్కను వాడుకోవడానికి తీసుకున్నట్టు ఉన్నది ఒక్క సంతకమే, ఆ అమ్మాయిది. నా గదిలోని బీరువాలోనే ఉన్న రుజువది. మిగతా ముప్పై తొమ్మిది మందీ ఆ చెక్కను ముట్టుకోలేదు. ప్రిన్సిపాల్‌తో ఒక ఉత్తరం రాయించి ఉంటే ఆమె మార్కులు మారేవి, దసరాకు ఇంకా నెల ఉంది. కానీ ఆ ఒక్కటి తప్పని ఒప్పుకుంటే, నేను సంతకం పెట్టిన మిగతా ముప్పై తొమ్మిది ఏమిటని అడుగుతారు. నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. ఉత్తరం రాయించలేదు. మర్నాడు స్టాంపు తెమ్మని అటెండరును పంపాను. దసరా వెళ్లిపోయింది.

ఏళ్ల తర్వాత ధైర్యం చేసుకుని వెళితే ఆ దుకాణం ఉన్నచోట కంప్యూటర్లు పెట్టుకుని పెళ్లికార్డులు వేస్తున్నారు. పాతవాళ్లు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు స్టాంపు మిషను మీద పది నిమిషాల్లో వస్తోంది, అక్షరాన్ని తిరగేసి రాయగల చేయి అవసరం లేదు. రికార్డులూ కంప్యూటరులోనే వస్తున్నాయట, అన్నిటిలోనూ తప్పులు మెట్లు దిగినట్టే తగ్గుతాయట. నక్షత్రం చెక్క ఎక్కడుందో కాలేజీలో అడిగితే కొత్తగా వచ్చిన వాళ్లు తెలియదన్నారు.

సంచికలో రాసిన ఆయనకు ఉత్తరం రాశాను. ఆ అమ్మాయి రికార్డు నిజమైనదనీ, ఆ ఏడాది నా చేతికొచ్చిన నిజమైన రికార్డు అదొక్కటేననీ రాశాను. ఆ పాత స్టాంపు ఇంకా నా సొరుగులోనే ఉంది, రబ్బరు గట్టిపడి అంచులు విరిగాయి. ఆమె చెక్కిన ఆ మాటను ఇరవై ఏళ్లు దొంగ రికార్డుల మీద వేశాను. తన రికార్డు కొట్టేసిన కాలేజీ పేరునే, ఒక్క అక్షరం వంకర పోకుండా, తిరగేసి చెక్కింది ఆమె.