పరదా కింద తీగ

నేను ఏడో తరగతి రెండేళ్లు చదివాను. మూడో ఏడు కూడా వెళ్లుంటే పంతులుగారు నన్ను పిల్లల హాజరుపట్టీలో కాక, బెంచీలతో పాటు బడి సామానులో రాసుకునేవారు. ఆయనకా శ్రమ ఎందుకని నేనే మానేశాను. అలాంటివాడు ఎనభైల్లో నరసరావుపేటలో పెళ్లిళ్లకు వీడియో తీశాడంటే, మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి నేర్చుకున్నాడని ఎవరూ అనుకోరు. నేను అందులో బొమ్మలు మాత్రం చూశాను. బొమ్మలో కెమెరా పట్టుకున్న మనిషి హాయిగా నవ్వుతున్నాడు. పెట్టె మోసే మనిషి ఎక్కడా లేడు. మా దగ్గర ఆ మనిషి మా ఆవిడ.

అప్పటి మా కెమెరా ఉత్త కన్ను. అది చూసినదాన్ని క్యాసెట్టు మీద ఎక్కించే రికార్డరు వేరే పెట్టెలో ఉండేది. రెంటికీ మధ్య నాలుగు బారల తీగ. నేను కెమెరాతో ముందు నడిస్తే, మా ఆవిడ పెట్టెను భుజానికి తగిలించుకుని వెనక వచ్చేది. జనం నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లే తమ ఇంటి పెళ్లికి మమ్మల్ని పిలిచేవాళ్లు, కారణం ఆడవాళ్ల గది. సాయిబుల పెళ్లిళ్లలో ఆడవాళ్లు పరదా అవతల కూర్చుంటారు, పరాయి మగవాడు లోపలికి పోకూడదు. పరదా దగ్గరకు రాగానే మేమిద్దరం చేతులు మార్చుకునేవాళ్లం. ఆమె కెమెరా పట్టుకుని లోపలికి వెళ్లేది. నేను పెట్టెతో బయట నిలబడేవాణ్ని. పరదా కింద నుంచి తీగ పోయేది.

మా మిషన్లు బాగుచేసే మెకానిక్‌ను నేను భాయి అని పిలిచేవాణ్ని. నాకంటే పదేళ్లు పెద్ద. ఊళ్లో సగం టీవీలు ఆయన చేతి మీదే బతికేవి. ఆయన పెద్దకూతురి నికా కుదిరినప్పుడు నన్ను కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట చెప్పాడు.

"తమ్ముడూ, మగాళ్లవైపు ఎట్టా తీసినా ఫరవాలేదు. పిల్లకి వాళ్ల అత్త నల్లపూసలు కడతది చూడు, అది రావాలి. నేను ఆ టైముకి బయట పెద్దమనుషుల కాడ ఉంటా. ఏ తండ్రీ అది చూడలేదు. నేను చూడాల."

సరేనన్నాను. అదే వారంలో చిలకలూరిపేట నుంచి ఒక వ్యాపారి కొత్త మిషన్ తెచ్చాడు. రికార్డరు కెమెరా లోపలే ఉంది. పెట్టె లేదు, తీగ లేదు, భుజాన పెట్టుకుని ఒక్కడే తిరగొచ్చు. వారం రోజులు వాడి చూడమనీ, నచ్చితే పాత జత తనకిచ్చేసి దీన్ని ఉంచుకోమనీ అన్నాడు.

భాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో తీసింది దీంట్లో కనపడదు. ఎక్కించుకోటమే దీని పని. నువ్వు ముక్కలు కోసి కలపాలంటే రెండు మిషన్లుండాల గదా. ఒకటి ఆడాల, ఒకటి ఎక్కించుకోవాల. ఇప్పుడు నీ పెట్టె ఆడతంది, ఇంట్లో వీసీఆర్ ఎక్కించుకుంటంది. పెట్టె ఇచ్చేస్తే దేంట్లోనించి దేంట్లోకి కలుపుతావు? పైగా ఇది చెడిందనుకో, కన్నూ చెవీ అన్నీ నా బల్ల మీదే ఉంటయ్."

"కొత్తది ఊరికే చెడదు, నీకు బేరం పోతదని చెప్తన్నావు భాయి."

"పెట్టె బయటుంటేనే మేలు. చెప్పా. ఇక నీ ఇష్టం."

ఆయన చెప్పింది నాకు అర్థమైంది. కానీ ఒంటరిగా మిషన్ భుజాన వేసుకుని నడిచే ఠీవి అప్పటికే బుర్రకెక్కింది. ఇంటికి వెళ్లి మా ఆవిడతో, "ఏమే, ఇంక నీకు రిటైర్‌మెంట్" అన్నాను. ఆమె మిషన్ వైపు చూసింది, నా వైపు చూసింది. మర్నాడు పొద్దున్నే మాచర్ల బస్సెక్కి రెంటచింతలలో పుట్టింటికి పోయింది. కోపం లేదు. పని లేదన్నాక ఉండటం దేనికని.

నికా రోజు మగవాళ్లవైపు దర్జాగా తీశాను. తీగ ఎవరి కాళ్లకూ చుట్టుకోలేదు. తర్వాత ఆడవాళ్ల గది దగ్గరకు వెళ్లాను. పరదా అడ్డం వచ్చింది. చేతులు మార్చుకోవటానికి ఎవరూ లేరు. నా తెలివి ఎంతటిదో నాకు అక్కడ తెలిసింది.

పెళ్లికూతురి పిన్నిని పిలిచి, పరదా సందులోంచి మిషన్ అందించాను. ఎర్ర మీట ఒకసారి నొక్కితే మొదలు, ఇంకోసారి నొక్కితే ఆగుతుందని చెప్పాను. అక్కడితో ఊరుకోవలసింది. ఆమె మర్చిపోతుందేమోనని, ముందు జాగ్రత్తగా నేనే ఒకసారి నొక్కి మరీ ఇచ్చాను.

ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. అత్తగారు నల్లపూసలు తీయగానే మీట నొక్కింది. ఆడుతున్న మిషన్ ఆగిపోయింది. కట్టటం అయ్యాక మళ్లీ నొక్కింది. ఆగిన మిషన్ మొదలైంది. పని అయిపోయింది కదా అని దాన్ని చంకన పెట్టుకుని వంటల వైపు వెళ్లింది.

మర్నాడు భాయి దుకాణంలో క్యాసెట్టు పెట్టాం. పిల్ల తలవంచుకుని కూర్చుంది. ఒక చెయ్యి నల్లపూసలతో ముందుకు వచ్చింది. ఆ వెంటనే తివాచీ. తర్వాత చెప్పులు, చెప్పుల తర్వాత బిర్యానీ డేగిసా అడుగు. చాలాసేపు డేగిసా అడుగు. భాయి టీవీ ఆపలేదు. చివరిదాకా చూశాడు.

"నల్లపూసలు లేవా?"

"లేవు భాయి."

"తివాచీ మంచిదే. మా బావమరిది తెచ్చాడు," అని, సగంలో వదిలిన రేడియో ముందుకు లాక్కున్నాడు. తిడితే బాగుండేది.

ఆ మధ్యాహ్నం కొత్త మిషన్ వ్యాపారికి ఇచ్చేసి రెంటచింతల బస్సెక్కాను. మా ఆవిడ వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. జరిగిందంతా చెప్పాను. డేగిసా దగ్గర నవ్వింది. నల్లపూసల దగ్గర నవ్వలేదు.

"ఆయన అడిగింది అదొక్కటే గదయ్యా."

"అందుకే వచ్చా."

"వస్తాలే. ఇకనించీ కెమెరా నా దగ్గరుంటది. లోపలా బయటా నేనే తీస్తా. పెట్టె నువ్వు మొయ్యి."

బేరమాడే ముఖం నాకు లేదు.

నికా తర్వాత వచ్చే శుక్రవారం పిల్లా అల్లుడూ పుట్టింటికి విందుకు వస్తారు. దాన్ని జుమాగీ అంటారు. పోయిన ముక్క మళ్లీ తీద్దామని ఆ రోజు పిల్ల పెళ్లిబట్టలే కట్టుకుంది, అత్తగారినీ పిలిపించారు. మళ్లీ కట్టమని అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. కట్టినవి విప్పటం మంచిది కాదంది. పిన్ని సర్దిచెప్పింది, పెళ్లికూతురి తల్లి బతిమాలింది. చివరికి ఆవిడ కోడలి మెడ వెనక ముడి మీద రెండు చేతులూ ఉంచి, పూసలు సర్ది, ముసుగు ముందుకు లాగింది. పరదా బయట పెట్టెతో నిలబడిన నాకు తీగ కదలటం తప్ప ఏమీ కనపడలేదు. ఇదంతా మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఇంటి దగ్గర పెట్టె ఆడించి, వీసీఆర్‌లోకి ఎక్కించాను. నల్లపూసలతో వచ్చిన చెయ్యి నికా రోజుది, ముడి మీద ఆనిన చేతులు శుక్రవారానివి. రెంటినీ కలిపిన చోట ఒక్క త్రుటి తెర వణికింది. దాన్ని అంతకంటే బాగా చెయ్యటం నాకు రాలేదు.

భాయి ఆ చోటు మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు. అతుకు ఆయనకు తెలియకుండా పోదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మా ఆవిడ గుమ్మం దగ్గరే ఉంది. ఆయన మెచ్చుకునేదాకా ఆగలేక నోరు తెరిచాను.

"చూశావా భాయి, నా పనితనం. ఓనర్ని నేనే. ఆమె చేతికి కెమెరా ఇచ్చానంతే."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, క్యాసెట్టు బయటికి తీశాడు.

"మా రెండో పిల్ల పెళ్లికి నువ్వొక్కడివే రా తమ్ముడూ. ఆ పెట్టె ఒక్కటే భుజానేసుకొని రా. ఏం పడుద్దో చూద్దాం."