ఎనిమిదో తరగతి ఆమోదించిన బిల్లు

మా వదినకు కాలేజీలో గోడ మేడమ్ అని పేరు. ఆ పేరు పెట్టింది నేనేనని ఆవిడకు ఈనాటికీ తెలియదు, మీరూ చెప్పకండి. టీచర్లు కావాలని వచ్చేవాళ్లకు హైస్కూల్లో సాంఘికశాస్త్రం ఎలా చెప్పాలో నేర్పడం ఆవిడ ఉద్యోగం. సైన్సు ఎలా చెప్పాలో నేర్పడం నాది. మా ట్రైనీలు పక్కనున్న హైస్కూలుకు పోయి నిజం పిల్లలకు పాఠం చెబుతుంటే, మేం వెనక బల్ల మీద కూర్చుని చూసి మార్కులు వెయ్యాలి. నా నోరు ఊరుకోదు. మధ్యలోనే లేచి, అది ఆమ్లం కాదు నాయనా, క్షారం అంటాను. వదిన మాత్రం పైకప్పు ఊడిపడినా పెదవి విప్పదు. ఎంత తప్పు చెప్పినా గంట కొట్టాకే మాట. పిల్లల ముందు ఒకసారి పలచనైన టీచరు మళ్లీ కోలుకోడని ఆవిడ సిద్ధాంతం. మా అన్నయ్య దగ్గరా అంతే, ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతుంది. అందుకే ఆ కాపురం నిలబడిందంటాను నేను.

ఆవిడకు ఇంకో పట్టుదల ఉంది. ఒక పీరియడ్‌కు ఒకే విషయం చెప్పాలి. రెండు ముద్దలు ఒకేసారి కుక్కితే పిల్ల మింగుతుందా, కక్కుతుందా అని అడుగుతుంది. ఆవిడ నేర్పే పాఠాల్లో బాగా పేరున్నది చట్టసభ పాఠం. చట్టం ఎలా పుడుతుందో బోర్డు మీద రాసి చెప్పడం కాదు, తరగతినే సభగా మార్చేస్తారు. పిల్లలే బిల్లు పెడతారు, వాదించుకుంటారు, చేతులెత్తి ఓటేస్తారు. ట్రైనీ సభాపతి. ఎంత పెద్ద సభకైనా దాటకూడని గీతలుంటాయని, మనిషి హక్కుల్ని ఓటేసి తీసెయ్యకూడదని మర్నాటి పీరియడ్‌లో చెబుతారు. ఏళ్ల తరబడి ప్రతి బ్యాచ్‌కూ ఇదే వరస.

ఆ రోజు పాఠం చెప్పింది వదిన నెత్తిన పెట్టుకు చూసుకునే ట్రైనీ. చురుకైన పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. తరవాతి పీరియడ్ నా ట్రైనీది కాబట్టి నేనూ ముందే వెళ్లి వదిన పక్కన చేరాను. మన తరగతికి మనమే ఒక చట్టం చేసుకుందామంది ట్రైనీ. ఎనిమిదో తరగతి పిల్లలు కదా, హోంవర్కు రద్దు చెయ్యాలని ఒకడు లేచాడు. అందరూ పకపకా నవ్వారు. క్లాసు లీడరు, రెండు జడల పిల్ల, పరీక్షలో మా అందరి బదులూ నువ్వు రాస్తావా అని అడిగేసరికి ఆ బిల్లు అక్కడికక్కడే చచ్చింది. పాఠం పాకాన పడింది. వదిన మొహం వెలిగిపోతోంది.

అప్పుడు ఆ లీడరే లేచి, అధ్యక్షా అని మొదలుపెట్టింది. చివరి వరసలో నత్తి ఉన్న పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్లను ఇకమీదట ఏ గ్రూపులోనూ వెయ్యకూడదని చట్టం చెయ్యాలట. ఆ పిల్ల పైకి చదవడం మొదలుపెడితే టైము చాలక గ్రూపు మొత్తానికి మార్కులు పోతున్నాయట. కోపం లేదు, వెక్కిరింత లేదు, ఎంతో మర్యాదగా చెప్పింది. ఇంకొకడు లేచి సవరణ పెట్టాడు. ఆ పిల్లకు విడిగా ఒక బల్ల ఇవ్వాలి, అది కిటికీ దగ్గర ఉండాలి, గాలి వస్తుంది అన్నాడు. దయగల సవరణ.

ట్రైనీ ఇక్కడ ఆపుతుందనుకున్నాను. ఆ మహాతల్లి ప్లాన్‌లో రాసుకున్నట్టే చర్చ ముగించి ఓటింగ్ పెట్టింది. చేతులన్నీ లేచాయి. నేను చివరి వరస వైపు తిరిగాను. ఆ పిల్ల చెయ్యి కూడా పైకే ఉంది, అందరికంటే నిటారుగా ఉంది.

బిల్లు ఏకగ్రీవంగా ఆమోదం పొందిందని ప్రకటించింది ట్రైనీ. పిల్లలు బల్లలు చరిచారు. ఆ చప్పుడులోనే ఆ పిల్ల లేచి, సంచి తీసుకుని, కిటికీ దగ్గరున్న ఖాళీ బల్ల మీదికి పోయి కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు. చట్టం కదా మరి.

నేను నోరు తెరిచేలోగా నా పక్కన బల్ల కదిలింది. వదిన లేచి నిలబడింది. గంట కొట్టకముందు ఆవిడ గొంతు తరగతిలో విన్నది నేను అదే మొదటిసారి. ఇది చెల్లదమ్మా అంది. ట్రైనీ తెల్లబోయింది. మార్కులు పోతాయన్న భయంతో కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

"మేడమ్, హక్కులు రేపటి పీరియడ్ కదండీ?"

"మరి రేపటిదాకా ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలి?"

లీడరు కూడా ఊరుకోలేదు. ఎక్కువమంది ఒప్పుకుంటే చట్టమని ఇప్పుడే కదా చెప్పారు, పైగా తనూ చెయ్యెత్తింది అంది. నేర్పిందే అప్పజెప్పింది, దాన్ని ఏమనగలం? వదిన కిటికీ దగ్గరికి నడిచి, ఆ చిన్న బల్ల మీద పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఎందుకెత్తావు నాన్నా అని అడిగింది.

మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"నేనొక్కదాన్నీ... ఎత్తకపోతే... ఇదీ నావల్లే చెడిపోతుంది కదండీ."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి. గంట కొట్టారు. నా ట్రైనీ గాజు సీసాలతో గుమ్మంలో నిలబడితే పొమ్మన్నాను. నా పీరియడ్‌లో వదినే స్వయంగా రేపటి పాఠం చెప్పింది. లీడరు తల దించుకుని వచ్చి, ఆ పిల్ల సంచి అందుకోబోయింది. పిల్ల ఇవ్వలేదు. మళ్లీ ఓటింగ్ పెట్టకుండానే నా పాత చోటికి రావచ్చా అని వదినను అడిగింది.

ఇంటికి వస్తూ దారిలో వదిన దగ్గర ఆ ట్రైనీని నేను కడిగిపారేశాను. బుర్ర ఉండొద్దా, ఎదురుగా కనిపిస్తుంటే అన్నాను. వదిన చాలాసేపు విని, నడవడం ఆపేసింది.

"దాన్ని అనకే. నేను నేర్పినట్టే చెప్పింది. నా దగ్గర చదివినవాళ్లంతా ఇలాగే చెబుతున్నారు. ఏ ఊళ్లో, ఏ క్లాసులో, ఏ చివరి బల్ల పిల్ల ఇవాళ ఇలాగే చెయ్యెత్తిందో, నాకేం తెలుసు?"