పదకొండుసార్లు కడుపునొప్పి

1998లో విశాఖ హార్బర్ పక్కన రొయ్యలు ఒలిచే ఫ్యాక్టరీలో నేను నర్సుని. అక్కడి ఆడవాళ్లు ఐసు నీళ్లలో చేతులు పెట్టి షిఫ్టంతా నిలబడే ఉండాలి. బాత్రూముకి వెళ్లాలంటే సూపర్‌వైజరు రేకు టోకెన్ ఇవ్వాలి, షిఫ్టుకి రెండుసార్లే. ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్డి ఉండాలని చట్టంలో ఉంది, మా దగ్గరా ఉంది. ఎన్నిసార్లు వెళ్లనివ్వాలో రాయాలని అది రాసిన మహానుభావులకి తట్టలేదు.

నూకాలుది సబ్బవరం దగ్గర పల్లె. మొగుడు మంచం పట్టాడు, ఇల్లు ఈమె మీదే నడిచేది. నెలనెలా విపరీతంగా రక్తం పోయేది. నా గదికొచ్చి తలుపేసి, "సిస్టరమ్మా, మల్లీ వచ్చీసినాది, ఓ మాత్రియ్యండి" అనేది. మాత్రా దూదీ ఇచ్చి, ఎవరికి ఏ జబ్బుకి ఏం మందిచ్చామో రాసే సిక్ రిజిస్టర్లో 'కడుపునొప్పి' అని రాసేదాన్ని. ఆ పుస్తకం ఆఫీసులో మగాళ్లంతా తిరగేస్తారు, ముట్టు అని ఎలా రాస్తాం? నాకు ముందున్న నర్సూ అలాగే రాసింది.

ఒకరోజు రక్తంతో చీర తడిసిపోయి నూకాలు మూడోసారి టోకెన్ అడిగింది. సూపర్‌వైజరు ఇవ్వనన్నాడు. ఆమె ఆగలేక వెళ్లిపోయింది. చెప్పకుండా పని వదిలిందని ఎంక్వైరీ పెట్టారు, అంటే కంపెనీ లోపలి విచారణ. నన్ను సాక్షిగా పిలిచారు.

గదిలో ఐదుగురు మగాళ్లు. ముట్టు రక్తం ఆగక వెళ్లానని ఆమె అంటే వాళ్లు నమ్మలేదు. "నాను అబద్దం ఆడతన్నానేటి? ఈయమ్మకి అంతా తెలుసు. సెప్పండి సిస్టరమ్మా" అంది నూకాలు.

మేనేజరు రిజిస్టర్ తిప్పాడు. "పదకొండుసార్లూ కడుపునొప్పే ఉంది. మీరు రాసింది నిజమేనా సిస్టర్?"

తప్పు రాశానని తేలితే నా ఉద్యోగం పోతుందని భయం. దాన్ని మించి సిగ్గు. "రాసిందే నిజమండి" అన్నాను. ఛీ! ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

ఆమెని తీసేశారు. గేటు దగ్గర తిట్టినా బాగుండేది. "మీరూ ఆడోలే గదమ్మా" అని మాత్రం అని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి 'నెలసరి రక్తస్రావం' అని రాయడం మొదలుపెట్టాను. "ఆఫీసు పుస్తకంలో ఇవేం రాతలండీ?" అన్నాడు మేనేజరు. "జబ్బు పేరండీ" అన్నాను. సిగ్గుపడి మనం రాయనిది ఏ చట్టానికీ కనపడదని అప్పటికి నాకు బుద్ధొచ్చింది.

రెండేళ్లకి తనిఖీకొచ్చిన లేబర్ ఆఫీసరమ్మ ఆ రాతలు చూసి టోకెన్లు తీయించేసింది. "ఇంతకు ముందు ఎవరూ ఇబ్బంది పడలేదా?" అని అడిగింది.

"ఒకామె ఉండేదండి" అన్నాను. పాత రిజిస్టర్ తీసి నూకాలు పేరు వెతికాను. ఆఫీసరమ్మకి చూపించడానికి పదకొండు కడుపునొప్పులే ఉన్నాయి.