మిల్లింగ్ మెషీను బొట్టు

ఆయుధపూజ సెలవులయ్యాక మొదటి పనిరోజున మా మిల్లింగ్ మెషీను అరవడం మొదలుపెట్టింది. చింతాద్రిపేట సందులో మాది రేకుల షెడ్డు. మెషీను నడపడం మా ఆయన పని, కొలతలు చూడడం, కట్టర్లు మార్చడం నా పని. మా అత్త గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఇద్దరికీ సలహాలు ఇస్తుంది. ఇనుమును కోసేటప్పుడు ఆ మెషీను ఎప్పుడూ ఒకే తీరుగా గుర్రుమంటుంది. ఆ రోజు మాత్రం కీచుమంటూ, టేబులంతా అదురుతూ తిరిగింది. పక్క బల్ల మీద నా టీ గ్లాసు కూడా గలగలమంది.

ఆపేద్దామన్నాను. మా ఆయనకేమో పట్టుదల. వేగం తగ్గించాడు. ఇనపదిమ్మెను పట్టుకునే వైసును సుత్తితో కొట్టి మరీ బిగించాడు. నాచేత కొత్త కట్టరు వేయించాడు. అరుపు తగ్గలేదు. కోసిన చోట ఇనుము నున్నగా రాకుండా మెట్లు మెట్లుగా వచ్చింది. మెషీను పాతబడిందన్నాడు, ఇనుము గట్టిదన్నాడు, చివరికి నేను పక్కన నిలబడి చూస్తున్నందుకే ఇలా అవుతోందన్నాడు. తన తప్పు తప్ప అన్నీ చెప్పాడు.

ఇంకోసారి స్విచ్చు వేశాడు. టప్‌మని చప్పుడు. కట్టరు పన్ను ఒకటి విరిగి, ఆయన చెవి పక్కనుంచి దూసుకెళ్ళి వెనక రేకుకు తగిలింది. ఆయన చెవి పట్టుకుని నిలబడిపోయాడు. పరుగెత్తి మెయిన్ స్విచ్చు ఆపేసి, ఆయన చెయ్యి లాగి చూశాను. రక్తం లేదు.

"సరి, ఇంగొక్కసారి చూస్తా," అన్నాడు.

"కన్ను పోయేదాకా చూస్తావా మామా? ఆడనే ఉండు, దాని మీద చెయ్యి పెట్టొద్దు!" అని అరిచాను.

విరిగిన కట్టరును తీసి దగ్గరగా చూశాను. విరిగినది తప్ప మిగతా మూడు పళ్ళకూ గీత కూడా పడలేదు. అంటే కోతంతా ఒక్క పన్ను మీదే పడింది. కట్టరు తిన్నగా కూర్చోక వంకరగా తిరుగుతోందన్నమాట. కట్టరును పట్టుకునే హోల్డరును ఊడదీసి, అది కూర్చునే స్పిండిల్ నోట్లోకి టార్చి వేశాను. లోపలి గోడకు ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ బొట్టు. ఆ పొర అడ్డుపడే హోల్డరు వంకరగా కూర్చుంది.

ఏటా మా ఆయన మెషీనుకు బయట బొట్లు పెట్టేవాడు. ఈసారి భక్తి ఎక్కువై నోట్లో కూడా పెట్టాడు.

తుడిచెయ్యమని ఆయన అనలేదు. మా ఇళ్ళలో పూజలో పెట్టిన బొట్టు దానంతట అది రాలిపోవాలే తప్ప చేత్తో చెరపరు. అందులోనూ ఇది మొగుడు నిలబడి పనిచేసే మెషీను బొట్టు. ఇప్పుడే ఆయనకు చావు తప్పింది. తుడవకపోతే మళ్ళీ పన్ను విరుగుతుంది, తుడిస్తే ఏమవుతుందో. ఇలాంటివి నమ్మనని నలుగురిలో గొప్పగా చెప్పేదాన్ని నేను. గుడ్డ నా చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు.

మా అత్త స్టూలు మీదనుంచి లేచింది. మా మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ కుంకుమ గిన్నె ముట్టలేదు. పూజ జరుగుతున్నంతసేపూ వాకిట్లోనే కూర్చుంటుంది.

"ఆ గుడ్డ ఇట్టా ఇయ్యి మా," అంది. "మీ ఇద్దురూ తుడవబాకండి. నాకింక పోయేదేముంది?"

వద్దనాలి. అనలేదు. నా భయం అంత పెద్దది. ఆవిడ గుడ్డను కిరసనాయిలులో తడిపి, వేలు లోపలికి పెట్టి, కొంచెం కొంచెంగా గంధమంతా రుద్ది తీసింది.

హోల్డరు ఎక్కించి వేరే కట్టరు బిగించాను. మా ఆయన స్విచ్చు వేస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మెషీను మామూలుగా గుర్రుమంది. కళ్ళు తెరిచేసరికి ఇనుము నున్నగా తెగుతోంది. ఆయన చెవి వైపే చూస్తూ నిలబడ్డాను.

అత్త వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. తన చీరకు తుడుచుకోబోయి ఆగింది. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చెయ్యి దూరంగా పెట్టుకుని నిలబడింది. నేను వెళ్ళి ఆవిడ ముందు తల వంచాను.

"ఈడ పెట్టత్తా."

"నేను పెట్టకూడదే," అంది.

"పెట్టు."

పెట్టింది. కిరసనాయిలుకు నుదురు చుర్రుమంది.