చిన్నమ్మ తిరిగిన పట్నం

నిన్న జవాబు పత్రాలు దిద్దుతుంటే పట్నం మీది ఇంగ్లీషు పద్యం గురించి తరగతి మొత్తం ఇంగ్లీషులో ఒకే వాక్యం రాసినట్టు కనిపించింది: 'కవి నగర పీడితుల వేదనకు అద్దం పట్టాడు.' ఎవరినని తిట్టను? గైడులోని ఆ ఇంగ్లీషు వాక్యాన్నే తొంభైల చివర్లో, ధర్మవరంలో మా చిన్నమ్మ ఇంట్లో, ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ, తెలుగు అర్థంతో సహా పైకి చదువుతూ నేనూ బట్టీ పట్టాను. కూచుంటే నాకు ఒక్క ముక్క తలకెక్కేది కాదు. అప్పటికే డిగ్రీ ఇంగ్లీషు పేపరు ఒకసారి తప్పి, ముదిగుబ్బలో మా నాయనకు ముఖం చూపించలేక అక్కడ మకాం పెట్టినవాణ్ణి.

ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయి ఉంది. నేతపని దొరక్క చిన్నాయన బెంగళూరుకు కూలికి పోయాడు. పోయిన కొత్తలో వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు వారం వారం ఫోను చేసేవాడు. ఆ ఫోను రాక నెల దాటింది. చిన్నమ్మ పక్కింటి మగ్గానికి పట్టునూలు కండెలు చుడుతూ పొద్దస్తమానం రాట్నం దగ్గరే ఉండేది. ఆ చప్పుడుకు నా చదువు పాడవుతోందని విసుక్కునేవాణ్ణి కూడా.

ఒక మధ్యాహ్నం రాట్నం ఆగింది. "ఏమప్పా, దినామూ పట్నం పట్నం అంటాండావే, ఏముండాది దాంట్లో?" అంది. సంబరంగా విప్పి చెప్పాను. ఎప్పటిదో పరదేశపు పట్నం. కవి సందు సందూ తిరుగుతాడు. పొట్టకూటికి వచ్చినవాళ్లు పొగలో, రోగంలో నలిగిపోతుంటారు. వాళ్ల గోడు ఎవరికీ పట్టదు. నా వివరణ నాకే ముచ్చటేసింది. ఆమె ముఖం పాలిపోవడం చూశాను. అదంతా కవిత్వ మహిమ అనుకున్నాను.

"అంతమందిని చూసినాడు గదా, ఒగరినన్నా నిలబెట్టి నీదేవూరని అడిగినాడా?"

"అది పద్యం చిన్నమ్మా, అడిగేదుండదు దాంట్లో."

కాసేపటికి, "నాతో బెంగళూరికి వస్తావా? మీ చిన్నాయనను ఎతుకుదాము" అంది. వారంలో పరీక్ష. ఆ మాటే చెప్పాను. ఆమె బతిమాలలేదు. మర్నాడు పొద్దున్నే సద్ది మూట కట్టుకుని, కన్నడం నాలుగు మాటలు కూడా రాని మనిషి, ఒక్కతే బస్సెక్కింది. ఆ వారమంతా రాట్నం చప్పుడు లేని ఇంట్లో గోడకూ గోడకూ మధ్య తిరిగాను. కావలసినంత నిశ్శబ్దం ఉన్నా కొత్తగా ఒక్క వాక్యం తలలో నిలవలేదు.

పరీక్ష రాసి వచ్చేసరికి చిన్నాయన కాలికి కట్టుతో అరుగు మీద కూచుని ఉన్నాడు. కడుతున్న మేడ మీద నుంచి పడ్డాడట. ఇంటికి కబురు చేయడానికి మొహం చెల్లక ఏదో రేకుల షెడ్డులో పడి ఉన్నాడట.

"అంత పట్నంలో యాడ దొరికినాడు చిన్నమ్మా?"

"కనపడినోళ్లందరినీ అడిగినాను. అడిగితే చెప్తారప్పా," అని రాట్నం ముందుకు లాక్కుంది. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను.

అంతకుముందు బట్టీ పట్టిన ముక్కలతోనే ఆ పేపరు మంచి మార్కులతో గట్టెక్కాను. అదే పద్యం ఇన్నేళ్లుగా పిల్లలకు చెబుతూ బతుకుతున్నాను. ఏటేటా అది నాకు ఇంకాస్త అర్థమవుతూనే ఉంది. కానీ ఇరవై ఏళ్లు దాటినా, ఆ పొద్దున చిన్నమ్మ ఒక్కతే ఎక్కిన బస్సును మాత్రం నేనింకా అందుకోలేకపోతున్నాను.