మావాడు లెక్కల్లో ఫస్ట్

మొన్న శనివారం మధ్యాహ్నం మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని టీవీలో బాస్కెట్‌బాల్ చూస్తోంది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఆడుతున్నదెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న ఓపికా లేదు. ఒక నల్ల కుర్రాడు పరుగెత్తుకొచ్చి బంతి వేస్తే వ్యాఖ్యానం చెప్పే ఆయన "ఆహా, ఏం బలం, పుట్టుకతో వచ్చిన వరం" అన్నాడు. కాసేపటికి ఒక తెల్ల కుర్రాడు అచ్చం అలాగే వేస్తే "ఆహా, ఏం తెలివి, ముందే లెక్క కట్టాడు" అన్నాడు. "ఆ సౌండు తగ్గించవే తల్లీ" అన్నాను. "వై, నానమ్మా?" అంది. తలనొప్పిగా ఉందన్నాను. తలనొప్పీ లేదు, పాడూ లేదు. యాభై ఏళ్ల నాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది, దాన్ని ఆ పిల్లకి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

మేము కాకినాడ నుంచి ఇంగ్లండులోని లీసెస్టర్ వచ్చింది అరవైల చివర్లో. మా వారిది ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం, నాది ఆస్పత్రిలో డాక్టరు ఉద్యోగం. మత్తు డాక్టరునవ్వాలని నాకెంతో ఆశ. రెండుసార్లు అడిగాను కూడా. మా పై డాక్టరు, కన్సల్టెంటు, మహా మర్యాదస్థుడు, టీ ఇప్పించి మరీ చెప్పాడు: "మీ ఇండియన్ లేడీస్‌కి ముసలివాళ్లంటే ఓర్పు ఎక్కువ డాక్టర్, అది మీ రక్తంలోనే ఉంది." నా రక్తంలో ఓర్పు ఏ మూల ఉందో మా వారిని అడిగితే చెప్పేవారు. ఏం చేస్తాం, పొగిడాడు కదా అని థాంక్యూ చెప్పి బయటికొచ్చి, వృద్ధుల వార్డులో పదిహేడేళ్లు చేశాను. అక్కడే జమైకా నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. ఎవరికీ అక్కర్లేని ఆదివారం డ్యూటీలన్నీ రోటాలో మా ఇద్దరికే పడేవి. అలా స్నేహమైంది. ఆవిడ కొడుకూ, మావాడూ ఒకటే స్కూలు, ఒకటే క్లాసు. మేము డ్యూటీలో ఉంటే ఇద్దరూ మా ఇంట్లో మా వారు మాడ్చిన పెసరట్లు తినేవాళ్లు, లేకపోతే ఆవిడ వండిపెట్టి వెళ్లిన చికెన్. ఆ పిల్లాడు నన్ను ఆంటీ అనేవాడు. వాళ్లలోనూ అదే పిలుపట.

డెబ్భైల మధ్యలో ఇద్దరికీ బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టింది. అప్పట్లో ఇంగ్లండులో ఆ ఆట చూసేవాళ్లే తక్కువ. మా ఊళ్లో ఒక క్లబ్బు మాత్రం అమెరికా నుంచి ఇద్దరిని జీతమిచ్చి తెచ్చుకుని లీగులో ఆడేది. దాని కింద కుర్రాళ్ల జట్టొకటి ఉండేది. పదహారేళ్లకి అందులో చోటు దొరికితే ఇరవయ్యేళ్లకి తనూ జీతానికి ఆడొచ్చని ఆ పిల్లాడి ఆశ. వాడికి ఇంకో ఆశంటూ ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. మావాడికి అంత లేదు, స్నేహితుడు వెళ్తున్నాడని వెళ్లేవాడు. స్కూల్లో వీళ్లకి ఆట నేర్పే మాస్టారే క్లబ్బుకి కుర్రాళ్లని పంపించేది కూడా. మొదటి ఏడాదిలోనే ఒకసారి పేరెంట్స్‌ని పిలిచారు. "మీవాడు దేంట్లో గట్టివాడు?" అని మాస్టారు నన్నడిగాడు. ఆయన అడిగింది ఆట గురించి, పరుగెత్తుతాడా, ఎగురుతాడా అని. మనవాళ్లం కదా, పిల్లల గురించి ఎవరేమడిగినా నోట్లో సిద్ధంగా ఉండే జవాబు ఒకటే. "మావాడు లెక్కల్లో ఫస్టండీ" అన్నాను. పళ్ల డాక్టరు దగ్గరా అదే చెప్పేదాన్ని. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "అయితే జట్టుకి బుర్ర వీడే" అని, బంతి పట్టుకుని ఆట నడిపించే చోటు మావాడికిచ్చేశాడు. నర్సు కొడుకు గురించి అసలు అడగనే లేదు. "వీళ్లు పుట్టుకతోనే ఎగురుతారు" అని వాణ్ణి రింగు కింద నిలబెట్టాడు. తల్లి నా పక్కనే ఉంది. చేతిసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

నిజానికి ఎగిరేది మావాడు. మా మేనమామల పోలిక, తాటిచెట్టులా పెరిగి, నిలబడ్డచోటు నుంచే గెంతి హాల్లో సీలింగు మీద వేలిముద్రలు వేసేవాడు. నర్సు కొడుకు వాడికంటే మూడంగుళాలు పొట్టి. వాడిదంతా కళ్లలోనూ, బుర్రలోనూ ఉండేది. ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల మీద నా పోపుల డబ్బా ఊడదీసి, గిన్నెలన్నీ పరిచి పెట్టారు. నా గుండె ఆగినంత పనైంది. "ఆంటీ, ఆంటీ, అరవకండి" అంటూ ఆ పిల్లాడు నన్ను కూర్చోబెట్టాడు. ఆవాలు మావాడు, జీలకర్ర తను, మెంతులు అవతలి జట్టులో పొడుగువాడు. మెంతులు ఇటు కదిలితే మినప్పప్పు అటు పోవాలి, అప్పుడు పసుపుకి ఎవరూ అడ్డుండరు, బంతి అక్కడికి పోవాలి అని ఒక్కొక్క గిన్నె జరుపుతూ చెబుతుంటే, బంతి మొహం ఎరగని నాకే ఆటంతా అర్థమైపోయింది. మావాడు మాత్రం తల గోక్కున్నాడు. "ఐ కాంట్ సీ ఇట్, మమ్. హీ కెన్. వాడు రింగు కింద నుంచి అరిచి చెబితేనే నేను బంతి ఇస్తాను. సార్ వాణ్ణి అరవొద్దంటున్నాడు" అన్నాడు.

ఆ పిల్లాడు గిన్నెలన్నీ మళ్లీ డబ్బాలో సర్దాడు, సర్ది నాతో అన్నాడు: "ఆంటీ, శనివారం క్లబ్బువాళ్లు చూడ్డానికొస్తున్నారు. రింగు కింద నాకంటే పొడుగువాళ్లు వందమంది ఉంటారు, అక్కడుంటే నన్ను తీసుకోరు. ఒక్కసారి మా ఇద్దర్నీ చోటు మార్చి చూడమని సార్‌కి చెప్తారా? నేను చెబితే వినలేదు. మా అమ్మ చెబితే నవ్వాడు. మీరు డాక్టరు కదా, మీరు చెబితే వింటాడు." "ఎందుకు చెప్పన్రా, తప్పకుండా చెప్తాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

శనివారం నర్సుకి సెలవు దొరకలేదు, నేను వెళ్లాను. ఆట మొదలవ్వడానికి ఇంకా పావుగంట ఉందనగా మాస్టారు నన్ను చూసి తనే ఎదురొచ్చాడు. క్లబ్బు పెద్దమనిషికి నన్ను పరిచయం చేస్తూ "ఈ డాక్టరుగారి అబ్బాయే నేను చెప్పిన కుర్రాడు. ఇండియన్ బుర్ర, తిరుగులేదు" అన్నాడు. ఆ ముందురోజే వార్డులో ఒక పెద్దాయన నా చెయ్యి తోసేసి "అసలు డాక్టరు ఎవరూ లేరా?" అన్నాడు. ఇక్కడేమో ఇద్దరు తెల్లవాళ్లు నా కొడుకు బుర్రని మెచ్చుకుంటున్నారు. నాకు ఒళ్లంతా పులకరించింది. అది పచ్చి అబద్ధమని తెలుసు, ఓర్పు నా రక్తంలో ఉందన్న మాటలాంటిదేనని కూడా తెలుసు. చోట్లు మారిస్తే మావాడి కథ అయిదు నిమిషాల్లో బయటపడుతుందనీ తెలుసు. అన్నీ తెలిసే నోరు మూసుకుని, చల్లారిపోయిన కాఫీ తాగుతూ బెంచీ మీద కూర్చున్నాను. సిగ్గులేని పని చేశాను.

మావాణ్ణి తీసుకున్నారు. ఆ పిల్లాణ్ణి "బాగా ఎగురుతాడు గానీ ఎత్తు చాలదు" అని వద్దన్నారు. బస్సులో ఇంటికొస్తుంటే మావాడు కిటికీలోంచి బయటికి చూస్తూ "డిడ్ యూ ఆస్క్ హిమ్, మమ్?" అన్నాడు. "అడిగాన్రా, వినలేదు" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. మావాడు వెళ్లి అదే ఆ పిల్లాడికి చెప్పాడు. మావాడు క్లబ్బులో ఒక్క సీజను ఆడాడు. అరిచి చెప్పేవాడు లేక బంతి ఎవరికివ్వాలో తెలియక, ఆ ఏడాదే మానేసి అకౌంట్సు చదువుకున్నాడు. ఆ పిల్లాడు స్కూలు వదిలేసి మేజోళ్ల ఫ్యాక్టరీలో చేరాడు. దారిలో కనబడితే మాత్రం ఆగి, "హలో ఆంటీ" అని పలకరించే వెళ్లేవాడు.

డెబ్భైల ఆఖర్లో నర్సు ఉద్యోగం వదిలి కొడుకుతో సహా జమైకా వెళ్లిపోయింది. చివరి రోజు వార్డులో కేకు కోశాక నన్ను పక్కకి తీసుకెళ్లి చేతులు పట్టుకుంది. "డాక్టర్, మావాడు మీకు థాంక్స్ చెప్పమన్నాడు. ఈ ఊళ్లో నా కోసం నోరు విప్పి అడిగింది ఆంటీ ఒక్కరే, అది నేను మర్చిపోనని చెప్పమన్నాడు" అంది. నేనడగలేదమ్మా అని అప్పుడైనా అనొచ్చు. గొంతు దాకా వచ్చింది. ఎవరో ఆవిణ్ణి ఫొటోకి రమ్మని పిలిచారు, నేను చేతులు వదిలేశాను. తర్వాత ఉత్తరం రాద్దామనుకున్నాను, పండక్కి కార్డు పంపినప్పుడల్లా ఈసారి రాస్తాననుకున్నాను. ఆ కార్డులకి జవాబులు రావడం ఆగిపోయి కూడా ఎన్నేళ్లయిందో. మావాడికి ఈనాటికీ తెలియదు. నాకు తొంభై దగ్గరపడ్డాయి, నేను చెయ్యని మేలుకి ఆ పిల్లాడు చెప్పిన థాంక్స్ ఇంకా నా దగ్గరే ఉంది.